మూడొందల ఇరవై మూరలు

యశ్వంతపురం దాటాక, నేలమాళిగలో,
రాత్రి పదకొండున్నర.
బల్ల గాలి మీద తేలుతోంది,
పైన రోడ్డు మీద లారీ వెళ్లినా దీనికి తెలియకూడదని.

ఫర్జానా దీపాలన్నీ ఆర్పింది.
తెర మీద పచ్చటి చుక్క.
చుక్క కాదు, ఉండ.
ఉండా కాదు,
క్షణం కూడా ఒక రూపాన కుదురుగా ఉండని నలుగుడు.

ఒక కొస గాజుకి అంటించాం.
పంపు తిప్పితే నీటి వాలున సాగుతుంది, సాగుతుంది,
వెంట్రుక మందంలో ఆరో వంతు.
అదే దాని నిలువెత్తు.
పంపు ఆపాను.
మొదట గబగబా, తర్వాత తీరిగ్గా
వెనక్కి ముడుచుకుంది.

"ఎవరు లాగారమ్మా?"
తాళాల గుత్తితో గుమ్మంలో చిక్కణ్ణ.

ఎవరూ లాగలేదు.
తిన్నగా ఉండటానికి ఒకటే తీరు,
నలిగి ఉండటానికి లెక్కలేనన్ని.
నీళ్లు నాలుగు పక్కలా మోచేతులతో పొడుస్తుంటే
అది దేన్నీ కోరుకోదు,
ఎక్కువ తీరులున్న చోట దొరుకుతుంది, అంతే.

"మా ఆవిడ బుట్టలో కనకాంబరాల దండా అంతే.
ఇది ఎన్ని మూరలుంటుంది?"

నవ్వబోయి ఆగాను.
మోచేయి నుంచి వేలికొస దాకా వంగని చెయ్యే కదా మూర.
దీనికీ ఒకటుంది:
ఆ కాస్త దూరం
బయల్దేరిన దిక్కు గుర్తుంటుంది,
తర్వాత మరిచిపోతుంది.
లెక్కేసి చెప్పాను, మూడొందల ఇరవై.

ఉప్పు తగ్గిస్తే మూర పెరుగుతుంది.
ఒళ్లంతా ఋణావేశం
(ఎవరు పెట్టారో పేరు,
అప్పూ ఉంది, కోపమూ ఉంది)
తనకు తానే గిట్టక బిర్రబిగుస్తుంది.
ఉప్పు పడితే మెత్తబడుతుంది.
ఎక్కడి ఉప్పయినా పనికిరాదు మరి.
మార్చిలో శుద్ధజలం యంత్రం మొరాయిస్తే
ఎవరో ట్యాంకరు నీళ్లు కలిపారు,
ఆ బోరు సున్నానికి అన్నీ గాజుని కరుచుకుని
వారం పని గంగపాలు.

ఫర్జానా చెయ్యి ఊపింది, మాటలాపమని.

మళ్లీ పంపు.
నిలువెత్తున సాగిన పచ్చగీత.
నాలుగు నిమిషాలు కళ్లార్పలేదు.
మనం చూసే వెలుగే దాన్ని కొరుకుతుందని
తెలిసీ.

చప్పుడేం రాలేదు.
తెగిన కొస తెర దాటి కొట్టుకుపోయింది,
అతుక్కున్న ముక్క
ఏమీ జరగనట్టు ముడుచుకుంది.

చిక్కణ్ణ గుత్తిని గుప్పిట్లో నొక్కిపెట్టి
గొంతు తగ్గించి అడిగాడు,
"ఇప్పుడెన్ని?"

ఫర్జానా చీకట్లోనే రాసుకుంది,
నూట నలభై.