తప్పు తూకం

పగలు నా పని ఉక్కును తూయడం.
మురొరాన్ కర్మాగారం, మూడో ప్రయోగశాల.
రైలు పట్టా ముక్కను త్రాసు మీద పెట్టి
నాలుగో దశాంశం దాకా నిజం రాస్తాను.
రాత్రి ఇంటికొచ్చి
బరువే లేని బంతికి బరువు వెతుకుతాను.

పదహారు చుక్కల వెడల్పు బంతి అది.
ముప్పై రెండేళ్ల కిందటి టీవీ పిన్‌బాల్, "రాత్రి వేట".
నల్లని సముద్రం, పన్నెండు స్క్విడ్ పడవలు,
పడవకో దీపం, తగిలితే టింగుమని వెయ్యి పాయింట్లు.
ఎడమ మూల ఆక్టోపస్, నోరు తెరుచుకుని.
మామయ్య చేపల కొట్టు వెనక గదిలో
నేనూ తొమొనొబూ ఎండు స్క్విడ్ నములుతూ ఆడేవాళ్లం.
ఎడమ బటన్ ఎప్పుడూ జిగురే,
నొక్కితే వేలితోపాటు పైకి లేచేది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో అన్నీ నిజాలే.
బల్ల ఏటవాలు ఆరున్నర డిగ్రీలు,
బంతి ఎనభై గ్రాములు,
రబ్బరు పాతబడితే ఎంత మెత్తబడాలో దానికీ ఒక మీట.
పాత టీవీకి స్కేలు ఆనించి చుక్కలు లెక్కపెట్టి
పడవకు పడవ, దీపానికి దీపం దించాను.
నాలుగు నెలలు.
స్ప్రింగు లాగి వదిలితే
బంతి రాయిలా పడింది.

తొమొనొబు ఇప్పుడు సిటీ బస్సు నడుపుతాడు.
రెండు బీర్లతో వచ్చి, చూసి,
"బాగుంది" అన్నాడు,
మా ఆవిడ కొత్త చీపురు బాగుంది అన్నట్టు.

అప్పుడు పాత ఆటను ఫ్రేము ఫ్రేముగా కోశాను.
బంతి పడుతుంది, వేగం పెరుగుతుంది,
ఒకచోట ఇంక పెరగనని మొండికేస్తుంది.
కుడి గోడ బుద్ధిమంతురాలు.
ఎడమ గోడ
పుచ్చుకున్నదానికన్నా ఎక్కువ తిరిగిస్తుంది.
అలాంటి అప్పులవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

రాసినాయనకు ఉత్తరం వేశాను.
నలభై రోజులకు తొత్తొరి నుంచి కార్డు.
"కనజాషి గారికి,
ఇప్పుడు బేరిపళ్ల తోట చూసుకుంటున్నాను.
గురుత్వాకర్షణ ఎంతో గుర్తులేదు.
చివరికి మూడు బైట్ల చోటు మిగిలింది,
అందులో పట్టినంత పెట్టాను.
ఎడమ గోడ తప్పే. దిద్దుదామనుకున్నాను,
ఆఖరి రైలు వెళ్లిపోతుందని లేచాను.
నుకగ."

ఆ రాత్రే సాఫ్ట్‌వేర్‌కు తప్పు నేర్పడం మొదలెట్టాను.
న్యూటన్‌కు మూడు బైట్ల గది అద్దెకిచ్చాను.
ఎడమ గోడకు దానగుణం అప్పజెప్పాను.
తెర మీద ఎర్రక్షరాలు లేచాయి:
ఈ గోడ లేని శక్తిని పుట్టిస్తోంది, దిద్దమంటారా?
వద్దు, అని నొక్కాను.
నా ఉద్యోగంలో ఆ మాట
ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అనలేదు.

ఇంకొకటి మిగిలింది.
పాత టీవీలో సగం సముద్రమే పట్టేది.
బంతి పై సగానికి ఎగిరినప్పుడు తెర మారేది,
ఆ మధ్య రెప్పపాటు చీకటి.
ఆ చీకట్లోనే మేం బంతులు పోగొట్టుకున్నది,
ఆ చీకట్లోనే ఒకరి మీద ఒకరం అరిచింది.
కొత్త తెర మీద సముద్రం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది,
భయపడటానికి ఏమీ లేదు.
సముద్రాన్ని మళ్లీ రెండు ముక్కలు చేశాను.
నడుమ మూడు ఫ్రేముల నలుపు అతికాను.

ఆదివారం తొమొనొబు వచ్చాడు, బస్సు టోపీతోనే.
మొదటి బంతి లేచింది.
చీకటి.
అతని ఎడమ భుజం చెవి దాకా లేచింది,
పదేళ్లప్పుడు లేచినట్టే,
బీరు డబ్బా దొర్లి చాప తడిసింది.
ఇద్దరం చూడలేదు.

మూడు బంతులూ ఆక్టోపస్ మింగాక
బొటనవేలు బటన్ మీద రుద్దుకుంటూ
"అంటుకోవడం లేదే" అన్నాడు.

కింద కొట్టు ఇంకా తెరిచే ఉంది.
వెళ్లి ఎండు స్క్విడ్ పొట్లం తెచ్చాను.
కాగితం మీద నూట యాభై గ్రాములని ఉంది.
నేను తూచలేదు.