అమాస పోటు

ద్వారకానగర్ లైబ్రరీలో నా నవలని
పదకొండేళ్లుగా ఎవరూ ముట్టలేదనుకున్నాను.
ముట్టారు.
నలభై మూడో పేజీ అంచున, పెన్సిలుతో:
"అమాస నాడు సముద్రం అద్దంలా ఉంటాదా?
పోటు ఎంత లేస్తాదో రాసినోడికి తెల్దు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
షిప్‌యార్డులో ముప్ఫై రెండేళ్లు ఓడల నక్షాలు గీశాను,
ఒక్కరోజు కూడా కాళ్లు తడవకుండా.

ఆలస్యం జరిమానా కట్టడానికొచ్చి
దొరికిపోయింది దొంగ.
మైలపల్లి నూకరత్నం, పెదజాలరిపేట, పదహారేళ్లు.
సంచిలో ఇంటరు పుస్తకాలు,
వాటి అడుగున వల బాగుచేసే నైలాను దారం.
"ఆ రాసినోణ్ణి నేనే" అన్నాను.
తడబడుతుందనుకున్నాను.
"అయితే మార్చండి మరి" అంది.

వేట నిషేధం రెండు నెలలు.
హార్బర్లో బోట్లన్నీ
ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకుతున్నాయి.
ఆమెకి మధ్యాహ్నాలు ఖాళీ.
నాకు ఎప్పుడూ ఖాళీయే.
వన్‌టౌన్‌లో మా ఇల్లు. కిటికీ రెక్కల మీద
పోర్టు దుమ్ము, వేలితో అక్షరం రాయగలిగేంత.

ఆమె తెచ్చే కాగితాలు వేలంపాట లెక్కల పుస్తకంలోవి.
ఒకవైపు వంజరం, కవ్వలు, తట్ట ఎంతకి పోయిందో,
ఎవరు ఎంత బాకీయో.
రెండోవైపు కథ.
ఆమె వెళ్లిపోయాక నా బల్లకి చీమలు పట్టేవి.

మొదటి కథ చదివి విసిరేశాను.
బల్ల మీదకే, మెల్లగానే.
"జలధి తరంగాలు"ట. "మాతృమూర్తి"ట.
"మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది?"
చెప్పలేదు.
మళ్లీ అడిగితే గోడకి చెప్పింది:
"ఒలే గుంటా, ఎక్కడ సచ్చావే, అంటాది."
"మరి ఆవిడేదీ ఇందులో?"
"ఆ మాటలు అచ్చులో బాగోవు సార్."

గొంతులో చేపముల్లు దిగినట్టయింది.
టెక్కలి దగ్గర పల్లె మాది.
మా అమ్మ మాటలన్నీ
ఎడిటర్లు నవ్వుతారని ఒక్కొక్కటే
దారిలో ఒగ్గేసి వచ్చాను.
ఆరు పుస్తకాలు రాశాను.
వాటిలో మా అమ్మ నోరు విప్పిన రెండు చోట్లా
కాలేజీ లెక్చరర్లా మాట్లాడింది.

ఇది ఆమెకి చెప్పలేదు.
బదులుగా కామాల మీద అరిచాను.
ఎక్కడ ఆపాలో, ఏ విశేషణం దండగో,
ఏడుపొచ్చిన చోట కలం ఎందుకు ఎత్తెయ్యాలో
చెప్పుకుంటూ పోయాను.
వింటూనే వలకన్ను ముడేసేది.
కొన్ని వినలేదు కూడా. మంచిదే అయింది.

జూన్ పద్నాలుగు. అర్ధరాత్రి బోట్లు కదులుతాయి.
సాయంత్రం వచ్చింది. నాలుగు పేజీలు.
అందులో వాళ్లమ్మ వేలంపాట గట్టు మీద
కొంగు బిగించి ఒక వర్తకుణ్ణి తిడుతోంది.
నేను ఎర్ర కలం మూత తీసి
చదివి
మూత పెట్టేశాను.

అప్పుడు నా బల్ల మీది కాగితం లాక్కుంది.
నలభై మూడో పేజీ, ఏడోసారి తిరగరాసింది.
పెదాలు కదుపుతూ చదివింది.
చివరి వాక్యం కొట్టేసింది.
"ఇది మీరు మీకోసం రాసుకున్నారు."
చెప్పులేసుకుని వెళ్లిపోయింది.
మళ్లీ రాలేదు. వేట మొదలైంది, లెక్కలు ఆమెవే కదా.

నిన్న అమాస.
ఆటో ఎక్కి జాలరిపేట వైపు వెళ్లి, పంచె ఎగ్గట్టి
ఇసకలో నిలబడ్డాను, చూద్దామని.
పాదాల దగ్గర ఉన్న నీరు
ఊపిరి తీసేలోగా నడుం దాకా లేచింది.
"ఓలమ్మ!" అన్నాను.
యాభై ఏళ్లయింది ఆ మాట నా నోట్లోంచి వచ్చి.

చెప్పులు పోయాయి.