భుజం మీద చెయ్యి

మొదటి కాపీ నేనే తీసినా.
హంపమ్మ కొంగుముడి విప్పి ఇచ్చిన బడి ఫోటో.
నాలుగో తరగతి, నలభై ఒక్క మంది,
వెనక వరసలో ఎడమ నుంచి ఆరోవాడు ఈరేశు.
కత్తెర తీసుకొని
వాణ్ని వరసలోంచి వేరు చేసినా.

భుజం మీద ఒక చెయ్యి మిగిలింది,
మణికట్టు దాకా, నాలుగు వేళ్లు.
కత్తిరిస్తే భుజం కూడా పోతుందని వదిలేసినా.

మూడు వందల కాపీలు.
డబ్బులు తీసుకోలేదు.
తర్వాత తర్వాత అది కూడా ఒక ఆధారమైంది.

మార్కెట్ యార్డు గేటు కాడ ఒక చెప్పు దొరికింది.
తెగిన బద్దెకు పిన్నీసు.
పదైదు దినాలు ఆదోని అంతా ఆ పిన్నీసే.
తెరిసి ఉంటే పెనుగులాడినట్టంట,
మూసి ఉంటే తెలిసినోళ్ల పనంట.
టీ బంకు కాడ బసప్ప
ఎస్సై కన్నా ముందు కేసు తేల్చేసినాడు, రెండుసార్లు,
రెండుసార్లూ వేరే వేరే మనుషుల మీద.

తెల్ల బండి అన్నారు.
పత్తి దిగే నెలల్లో ఈ ఊర్లో
తెల్లగా లేనిది ఏదప్పా?
లారీ తెల్లన, లారీ కింద పండుకున్న కుక్క తెల్లన,
జిన్నింగు మిల్లు నుంచి ఇంటికి పోయే ఆడోళ్ల
కనురెప్పలు తెల్లన.

గుంతకల్లు ప్యాసింజర్లో చూసినామని ఒకరు.
మంత్రాలయంలో గుండు చేయించి ఉన్నాడని ఒకరు.
రాయచూరు బస్టాండులో కన్నడం మాట్లాడతాండడంట.
కన్నడం వాడు ఇంట్లోనూ మాట్లాడతాడు,
ఆ మాట ఎవరికీ పనికిరాలేదు.
హులిగెప్ప బాకీలు వేళ్ల మీద లెక్కేసినారు.
హంపమ్మ ఏడ్వలేదని ఒకామె గమనించింది,
ఏడ్చింది, కాకుంటే మరీ ఎక్కువగా, అని ఇంకొకామె.

అప్పుడు ఎవరో చెయ్యి చూసినారు.

ఎవరిదప్పా ఇది?
వేలికి ఉంగరం ఉండాదే!
పెద్దోని చెయ్యి. కాదు, ఆడమనిషిది.
ఎంత గట్టిగా పట్టుకున్యాదో సూడు,
పిల్లోని మొకంలో బెదురు సూడు.

బెదురు కాదు అది,
ఫోటో తీసేవాడు కదలొద్దన్నప్పటి మొకం.
ఉంగరం కాదు, నా మిషను డ్రమ్ము మీది గీత,
మీ రేషను కార్డుల మీద కూడా పడుతుంది.
అది పక్కనోని చెయ్యి,
హుసేనిది, అదే తరగతి.
చెప్పినా.

"నీకెట్ల తెలుసు, ఖాజా?"

టీ గ్లాసు కింద పెట్టినంత మెల్లగా అడిగినారు.
ఆ పొద్దు నుంచి గిరాకీ రెట్టింపు.
రెండు రూపాయల కాపీకి వచ్చి
మిషను వైపు చూడరు,
నన్ను చూస్తారు.

బడి విడిచినాక హుసేని వచ్చినాడు.
ఒక చెయ్యి నిక్కరు జేబులో.
కౌంటరు కంటే ఒక జానెడు ఎత్తు.
"నా చెయ్యి తీసెయ్ అన్నా" అన్నాడు.
స్టేషన్లో వేళ్లు అద్దించుకున్నారంట.
సబ్బుకు పోలేదంట. అమ్మ చింతపండుతో రుద్దిందంట.

తెల్ల సిరా సీసా విప్పినా.
బ్రష్షు వేళ్ల దాకా పోయి ఆగింది.
ఎందుకు పట్టుకున్యావురా ఆ దినం?

"బెంచీ ఊగుతాండె.
వాడు పడతాడని."

ఇన్ని దినాల్లో వాణ్ని ఎవరూ అడగని సంగతి అదొక్కటే.
ఎవరికి చెప్పాల? బసప్పకా?
చెప్తే బెంచీ ఎవరు ఊపినారంటాడు.
బ్రష్షు చేతిలోనే ఎండిపోయింది.

నిన్న హంపమ్మ మళ్లా వచ్చింది.
గోడల మీదివి ఎండకు వెలిసిపోయినాయి,
ఇంకొక యాభై కావాలంది.
కొంగున చిల్లర, ఈసారి లెక్కబెట్టి తెచ్చింది.
చెయ్యి తీసేసేదా అమ్మా, అని అడిగినా.
కాగితం వైపు చానాసేపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టే తియ్యి" అంది.