బటన్ నొక్కి పట్టినంతసేపు

అక్టోబరు చివరి శనివారం.
హెన్రీ పర్వతాల మీద మంచు పడకముందే
ఆవుల్ని కిందికి దింపాలి.
అందుకని, మూడేళ్ళ తర్వాత
మా తమ్ముడు డెల్మర్ నా షెడ్డుకొచ్చాడు,
చంకలో పాత సిబి రేడియో, భుజాన కేబుల్ చుట్ట.
పలకరింపు లేదు.
"బానెట్ ఎత్తు" అన్నాడు.

గొడవ నీళ్ళది.
కాలువలో మా ఇద్దరి వాటాకి
నా సగం నేనమ్ముకున్నాను, వాడికి చెప్పకుండా.
ఆ ఎండాకాలం వాడి పశుగ్రాసం మోకాలెత్తు లేవలేదు.
అప్పట్నుంచీ చర్చిలో ఒకే బెంచీకి ఆ చివరొకడు, ఈ చివరొకడు.
పెట్రోలు బంకులో ఎడమొహం, పెడమొహం.

కానీ లోయలోకి దిగాక ఫోనూ ఒకటే, గులకరాయీ ఒకటే.
రెండు బళ్ళూ విడిపోతే ఇక ఎర్రబండలే దిక్కు.

బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు లాగాడు,
ఎర్రదానికో ఫ్యూజు, నల్లదానికో ఫ్యూజు.
ఇంజను వెనక రేకుకి కన్నం వేసి
రబ్బరు తొడిగాడు, రేకంచు తీగను కొరక్కుండా.
కేబుల్ని తలుపు సందులో నలగనీయకుండా
సీటు కిందుగా, పట్టా కిందుగా,
పసిపిల్లకి పాపిడి తీసినంత ఓపిగ్గా వెనక్కి తెచ్చాడు.
బంపరు మీద స్టాండు, స్టాండు మీద స్ప్రింగు.
గడ ఇంకా నేల మీదే ఉంది.

ఊరికే నిలబడలేక నేను మైకు అందుకున్నాను.
"ఆగు!" అరిచాడు. "యాంటెనా బిగించకుండా నొక్కకు.
పోవడానికి దారి లేకపోతే
వెనక్కి తిరిగి సెట్టునే కాల్చేస్తుంది."
మూడేళ్ళలో వాడు నాతో అన్న అన్నింటికన్నా పొడుగు మాట.
రేడియో గురించే అన్నాడు.

షెడ్డు రేకుల కింద కొలిస్తే లెక్క తప్పుతుందని
జీపుని బయటికి, పొదల మధ్యకి తోలించాడు.
తలుపులు మూయించాడు.
మీటరు ముల్లు మూడు దాటి ఎర్రలో పడింది.
ఒకటో ఛానెల్లో అంతే, నలభైలోనూ అంతే.
పంపిందంతా తిరిగొచ్చేస్తోంది.

"రంగు" అన్నాడు.
వేసవంతా కూర్చుని మూడు పూతలేశాను ఆ బంపరుకి,
మొహం చూసుకునేంత నలుపు.
దాని మూలంగా ఇనుముకి ఇనుము తగలడం లేదట.
చాకు నా చేతికిచ్చాడు.
పావలా బిళ్ళంత మేర
లోహం తెల్లగా బయటపడేదాకా గీకాను.
బూట్ల మీద నల్లపొడి రాలింది.
వాడు చూస్తూ నిలబడ్డాడు,
సాయం పట్టలేదు, తొందరా పెట్టలేదు.

ముల్లు దిగింది. ఇంకా దిగాలి.
ఒకటిలోకన్నా నలభైలో ఎక్కువ చూపిస్తోందంటే గడ పొడుగన్నమాట.
పావంగుళం కోశాడు. కొలిచాడు. మళ్ళీ ఓ రవ్వ.
"ఎక్కువ కోస్తే అతకదు" అనుకున్నాడు, తనలో తనే.
తెగిన ముక్కలు పారెయ్యకుండా
నా జీపులో సిగరెట్ల బూడిద గిన్నెలో వేశాడు.
ఎందుకో నేనడగలేదు.

పొద్దు వాలేవేళకి
తన ట్రక్కు తీసుకుని గుట్ట అవతలికి పోయాడు.
దుమ్ము అణిగింది. స్పీకర్లో ఒకటే బుస,
కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు.
అందులోంచి, నా చెవి పక్కనే,
"వినిపిస్తోందా? ఓవర్."

ఈ పెట్టెకో నియమం ఉంది.
నొక్కినవాడు మాట్లాడాలి,
వాడు వదిలేదాకా రెండోవాడు వినాలి.
ఇద్దరూ ఒక్కసారే అరిస్తే
ఎవరికీ ఏదీ అందదు, కీచుమన్న ఈల తప్ప.
మా ఇంటి వంటగదిలో ఇలాంటి నియమం ఉన్నట్టు నాకు గుర్తులేదు.

బటన్ నొక్కాను.
నీళ్ళు నమిలాను.
ఆ నీళ్ళే. అమ్ముకున్నవే.
ఒక కాకి ఈ కంచె గుంజ మీంచి ఆ కంచె గుంజ మీదికి మారింది.
బొటనవేలు తెల్లబడింది.
వదిలాను.

"ఏమీ అనలేదు నువ్వు" అంది పెట్టె.
"కానీ నొక్కావు.
నువ్వు నొక్కి పట్టినంతసేపూ
ఇక్కడ బుస ఆగిపోయింది. ముల్లు లేచి నిలబడింది."
కాస్త ఆగి,
"పొద్దున ఐదింటికి. టైర్లలో గాలి తగ్గించుకుని రా.
ఓవర్."