అక్షరానికింత

ప్రకాశం బజార్ల గిన్నెల దుకాణం అరుగు మీద
మిషినూ నేనూ కూసోవట్టి ముప్పై ఆరేండ్లు.
అంతకు ముందు మా నాయిన.
మిషిను లేదు, ఉలి, బొటనవేలంత సుత్తె.
ఇత్తడి బిందెను పసిపిల్ల లెక్క ఒళ్లో పండవెట్టుకొని
చుక్క చుక్కగ పేరు పొడిచేటోడు.
అక్షరానికి ఐదు పైసలు.
ఒత్తుకు ఎవ్వడూ పైస ఇయ్యకపోయేది.

గుట్టకు మొక్కితే యాదమ్మ,
చెర్వుగట్టుకు మొక్కితే రామలింగం,
జాన్‌పాడు దర్గకు మొక్కితే సైదులు.
అది నేనే.
మా ఇంటెనుక ఖాజాబీ కొడుకు సుత సైదులే,
ఒకల్ల పిలిస్తే ఇద్దరం ఉరికేటోళ్లం.
ఏ దేవునికి ఎంత బాకీ ఉన్నమో
పేరే చిట్టీ అప్పుడు.

ఎర్రజెండా ఊర్లకెల్లి కొన్నేండ్లు
అరుణలొచ్చిండ్రు, క్రాంతులొచ్చిండ్రు.
ఆ నాయినలు మాత్రం బేరమాడలే.

మిషిను కొన్న యేడు సునీతల కాలం.
ఒక్క ఎండకాలం పెండ్లిళ్లకే పదకొండు మంది.
సు కొమ్ము, నీ గుడి దీర్ఘం, త తలకట్టు,
నిద్రల సుత చెయ్యి తిరిగేది,
మా ఇంటామె లేపి అడిగింది
ఎవతె ఆ సునీత అని.

తర్వాత టీవీలకెల్లి మౌనికలు దిగిండ్రు.
తర్వాత ప్రతి పేరు ముందటా సాయి.
నాకేంది, రెండక్షరాలు లాభం.

ఇప్పుడు చీటీల మీద ఇంగ్లీషుల రాసుకొస్తున్నరు.
విహాన్ష్, ధ్రువాంశ్,
ఒత్తు కింద ఒత్తు, టిఫిన్ మూత మీద జాగ సాలదు.
తెలుగుల ఎట్ల రాయాలె బిడ్డా అంటే
ఫోన్ల చూస్తరు.
నా మనుమని పేరుకే నాకు నోరు తిరగదు.
చింటు అంట.

మొన్న శుక్రవారం నార్కట్‌పల్లి నుంచి
ఒక ముసలమ్మ, మనుమరాలు, సంకల పురిటిబిడ్డ.
ఎల్లుండి ఇరవై ఒకటో దినం.
సంచిలకెల్లి ఇత్తడి గిన్నె తీసిండ్రు.
దాని మీద మా నాయిన చుక్కలు, నేను గుర్తువట్టిన:
పెంటమ్మ.
“ఇది గీకేసి మా పాప పేరు కొట్టు తాతా.”
చీటీ చూసిన. ఆద్విక.
నడుమ ‘ఐ’ రెండుసార్లు.
“తెలుగుల ఒక్కటే గద బిడ్డా?”
“లెక్కలాయన చెప్పిండు. ఇంగ్లీషులనే కొట్టు.
రెండు కడుపులు పోయినయి తాతా,
దీనికి ఏడు నెలలు మంచం దిగలే.”

ముసలామె బోసినోటితోని నవ్వింది.
“నా ముందు ముగ్గురు పోయిండ్రు.
నేను పుట్టంగనే చాటల ఏసి పెంట మీద పెట్టి
మళ్ల తెచ్చుకున్నదంట మా అమ్మ.
సావు పెంట దిక్కు సూడదని.
నన్ను పెంటల దాసిండ్రు,
దీన్ని లెక్కలల్ల దాస్తున్నరు.
నేనైతే డెబ్బై తొమ్మిదేండ్లు దాగిన.”

ఇత్తడి పలుచబడ్డది, గీకితే బొక్క పడతదని
అబద్ధమాడిన.
పెంటమ్మ కిందనే, అంచు పొంటి
చిన్నగ కొట్టిన.
మిషిను చప్పుడుకు పిల్ల లేవలే,
పిడికిలి మాత్రం ఇంకింత బిగిసింది.

ఎనిమిదక్షరాలు.
ఏడింటికే తీసుకున్న.