నిమిషానికి మూడు చుక్కలు

ఐసు బాకీ కింద వచ్చింది నాకు ఈ బోటు.
ఏడు వేసవుల ఐసు.
ఖాతా పుస్తకం తిరగేస్తే, కరగకుండా మిగిలింది
ఈ ముప్పై రెండడుగుల కర్ర ఒక్కటే.

అణియం మీద పేరు వెంకాయమ్మ.
మొదటి యజమాని అత్తగారట,
కాసులపేరు కుదువపెట్టి ఇంజనుకి డబ్బిచ్చిందట.
నాకూ ఆవిడకీ చుట్టరికం లేదు.
అయినా ఏటా వేట నిషేధం పెట్టగానే
ఒండ్రులోంచి ఆవిడని గట్టుకి లాగించి
ఆ నాలుగక్షరాలకీ నేనే రంగేస్తాను.

అరవై ఒక్క రోజులు.
నిజాంపట్నం రేవులో బోట్లన్నీ ఒక పక్కకి ఒరిగి
మధ్యాహ్నపు గేదెల్లా పడుకుంటాయి.
నాకు నిద్ర పట్టదు.
అడుగున పట్టిన గుల్లలు గీకుతాను, పళ్ళు పులిసేదాకా.
పలకల సందుల్లో దూదితాడు దోపి
గుగ్గిలం కాచి పోస్తాను.
చుక్కాని పక్కనున్న జింకు దిమ్మ విప్పి చూస్తాను.
నిరుడు అరచెయ్యంత. ఇప్పుడు చింతగింజంత.
ఉప్పు ముందు దాన్నే తింటుందట,
తిన్నంతసేపూ ఫ్యాను జోలికి రాదట.
దండం పెట్టాలనిపిస్తుంది.
పెట్టను, చేతులనిండా గ్రీసు.

ఇంజను లారీది.
నెల్లూరు రోడ్డు మీద ఎన్నేళ్ళు బియ్యం మోసిందో,
ఇప్పటికీ పెద్ద అల ఎక్కేటప్పుడు
గేరు మార్చమన్నట్టు మూలుగుతుంది.

దాని భాష తెలిసినవాడు బెజవాడ ఆటోనగర్లో కాలేషా.
ఇంజెక్టరు పంపుని పాత చీరలో చుట్టి
రేపల్లెలో రైలెక్కి ఒళ్ళో పెట్టుకుంటే
పక్క సీటావిడ అడిగింది, పాపా బాబా అని.
డీజిలు వాసన తగిలి జరిగి కూర్చుంది.
కాలేషా ఎన్నడూ సముద్రం చూడలేదు.
నాజిల్ వాసన పీల్చి చెబుతాడు నీళ్ళెక్కడ దూరాయో.
"ఉప్పునీళ్ళ లారీ అమ్మా నీది" అంటాడు,
సగం డబ్బులే తీసుకుంటూ.

నిషేధం ఎత్తేసిన తెల్లారి
పాటు మొదలయ్యేలోపే మొగ దాటాం.
అణియంలో సరంగు ఏసోబు, అమరంలో నేను.
ఎడంచేతికి మడచెట్లు,
కింద నాలుగు బారల నీళ్ళు,
లంకెవానిదిబ్బ వైపు, గట్టుని కంటితో పట్టుకునే.
నీళ్ళు ఇక్కడ నీలం కావు.
కృష్ణ మోసుకొచ్చిన రేగడి కలిసి, పాలు తక్కువైన టీ రంగు.

అప్పుడొచ్చింది మాడు వాసన.
షాఫ్టు గ్లాండు మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

నా పనే.
లోపలికి కారే ఆ చుక్కని చూడలేక
రేవులో ఉన్నన్నాళ్ళూ బలమంతా పెట్టి నట్లు బిగించాను.
చుక్క ఆగింది.
పొడిగా మెరుస్తున్న ఆ చోటుని ఫొటో కూడా తీసుకున్నాను,
ఎవరికి చూపించాలనో.

ఇంజను ఆపాం. ఏసోబు లంగరు జారవిడిచాడు.
ఫోనులో ఒకటే గీత.
కాలేషా గొంతు తునకలు తునకలుగా:
"ఏడవనియ్యమ్మా దాన్ని...
అసలు కారకపోతే కాలిపోద్ది...
నిమిషానికి మూడు..."
మిగతాది గాలికి పోయింది.

ఇనుము చల్లారిందాకా కూర్చున్నాం.
ఏసోబు చద్ది మూట విప్పాడు, నాకు ముద్ద దిగలేదు.
తర్వాత స్పానరు పావు తిప్పు.
ఇంజను మెల్లగా.
ఇంకో పావు.

"లాభం" అన్నాను మొదటి చుక్కకి,
ఇరవయ్యేళ్ళు ఐసు దిమ్మలు లెక్కపెట్టిన గొంతుతోనే.
చాలాసేపు ఏమీ లేదు.
రెండు.
ఏసోబు వాచీ వంక చూస్తున్నాడు.
మూడు.

ఇప్పుడు గ్లాండు కింద ఒక పాత రంగు డబ్బా పెట్టాను.
సాయంత్రం రేవుకొచ్చాక
అందులో ఉన్నది సముద్రంలోనే పోస్తాను.
నా ఖాతాల్లో ఏ రోజుకారోజు తీరే బాకీ ఇదొక్కటే.

రేపు ఇంపెల్లరు విప్పాలి.
పొగగొట్టంలోంచి నీళ్ళు పల్చగా వస్తున్నాయి.