తేటపడేదాకా

తెల్లారి నాలుగున్నరకి కబేళా దగ్గర
సుభానీ నా ఐసు డబ్బా వంక చూసి
"ఇవాళ ఎన్ని గుండెలమ్మా?" అంటాడు,
బీడీ ఆర్పకుండానే.
రెండు. వెచ్చగా ఉన్నప్పుడే.
మొదటిరోజు "కార్జం తీసుకోరాదూ, కూర బాగుంటది" అన్నాడు.
కూరకి కాదని చెప్పాను.
అప్పట్నుంచి కొవ్వు తనే గీకి ఇస్తున్నాడు.

గుంటూరులో మే నెల.
ఆటో ఎక్కేసరికే ఐసు సగం నీళ్ళు.
కోల్డ్ రూమ్ లోపల నాలుగు డిగ్రీలు,
బయట నలభై నాలుగు.
మధ్యలో ఒక్క తలుపు,
ఊడిన దాని రబ్బరుకి నేనంటించిన ప్లాస్టరు.

కోసి, మిక్సీలో రుబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే
అడుగున ముద్ద, పైన ఎర్రటి తేట.
ఆ ఎరుపులో వందల రకాల ప్రోటీన్లు,
తిరునాళ్ళ జనంలా ఒకళ్ళ మీద ఒకళ్ళు.
నాక్కావల్సింది ఒక్కటే:
మేక పరిగెత్తి అలిసినప్పుడు
కండల్లోంచి వచ్చే పులుపుని
గుండెకి వంటచెరకు చేసిపెట్టే ఎంజైము.

దాన్ని పట్టే నీలం కాలమ్ కొనాలంటే
నాలుగు నెలల ఫెలోషిప్పు.
ఆ ఫెలోషిప్పు వచ్చీ నాలుగు నెలలైంది.
మేడమ్ పాత పేపరొకటి చేతిలో పెట్టింది.
చదివితే, అది గుడ్డలకేసే నీలమే.
ఆ రంగు డబ్బా మీద కూర్చునే
నేను పదమూడో ఎక్కం నేర్చుకున్నాను.

మంగళగిరిలో మా పెదనాన్న వీరరాఘవులు
నూలుకి రంగేస్తాడు.
పెళ్ళి ఫొటోలో కూడా గోళ్ళు నీలమే.
సీసాలో అగరోజ్ పూసలు చూపిస్తే
"సగ్గుబియ్యం జావా?" అన్నాడు.
చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు.
"ముందు ఉప్పు. రంగుని నీళ్ళలో నిలవనీదు,
దారం వైపు తోస్తది.
తర్వాత సోడా. సోడా పడ్డాక తొందరపడమాక.
పట్టేది పడతది. పట్టనిదాన్ని
నీళ్ళు తేటపడేదాకా కడుగు.
మొహమాటపడి ఆపావా,
కట్టుకున్నోళ్ళ ఒంటికి అంటుద్ది."
పేపర్లో ఉన్నదీ ఇదే,
ఉష్ణోగ్రతలు అదనం.

పదిహేడుసార్లు కడిగాను.

గాజు గొట్టంలో నీలం. పైన ఎర్రటి తేట పోశాను.
చుక్క. చుక్క.
వచ్చినవి వచ్చినట్టే జారిపోతాయి,
ఎరుపంతా కిందికి కారిపోతుంది.
ఇదొక్కటి ఆగుతుంది.
రోజూ తనతో పనిచేసే కోఎంజైము మెలిక
ఆ రంగు అణువులో కొంచెం కనిపిస్తుంది దానికి.
తిరునాళ్ళలో ఎవరి కొంగో
అమ్మదనుకుని పట్టుకున్న పిల్లలా.

మొదటిసారి సరిగ్గా ఇక్కడే కరెంటు పోయింది.
రాత్రి పదకొండు. జనరేటర్లో డీజిలు లేదు.
వాచ్‌మన్ ఏసుపాదం టార్చి పట్టుకుని
"రేపొద్దున్న వస్తదిలే" అన్నాడు.
పొద్దున్నకి కోల్డ్ రూమ్‌లో ఉక్క.
రెండు గుండెలు, ఊరికే.
సుభానీ మొహం చూళ్ళేక
మూడ్రోజులు అటు పోలేదు.

రెండోసారి, తెల్లవారుజామున,
అసలు కోఎంజైముని పంపాను పైనుంచి.
చిటికెడే, బంగారం తూచినట్టు తూచి.
కొంగు వదిలేసింది.
అసలు చెయ్యి పట్టుకుని దిగింది
పద్నాలుగో ట్యూబులోకి.

పైరువేట్ ఒక చుక్క వేసి మిషన్లో పెడితే
మూడొందల నలభై దగ్గర గీత
జారుడుబల్ల మీద పిల్లాడిలా కిందికి.
మేక పోయి ముప్ఫై గంటలు.
ఆ కబురు ఇంకా అందలేదు ఈ పనివాడికి.

ట్యూబు ఐసులో పెట్టి కబేళాకి తీసుకెళ్ళాను.
సుభానీ చేతులు లుంగీకి తుడుచుకుని,
చాలక, కుళాయి కింద కడుక్కుని,
తీసుకుని బల్బు వెలుగులో పట్టుకున్నాడు.
"రంగే లేదేందమ్మా?
రెండు గుండెలకి ఇంతేనా?"
ఇంతే.
"మంచినీళ్ళలా ఉందే."
తాగమాక, అన్నాను.
నవ్వి, నా గోళ్ళ వంక ఒకసారి చూసి,
డబ్బా మూత తీశాడు.